ఆకు ముట్టని పట్టుపురుగు

జగ్గమ్మమెట్టలో పట్టుపురుగులు రెండుసార్లు చచ్చిపోయాయి. మొదటిసారి గౌరవం ఎక్కువై, రెండోసారి మర్యాద ఎక్కువై.

గౌరవం సంగతి ముందు చెప్పుకుందాం. గ్రామీణ మహిళలకి ఉన్న ఊళ్లోనే ఉపాధి చూపించాలని ప్రభుత్వంవారు ఒక పట్టు పథకం పెట్టారు. మామూలుగా పెట్టలేదు, పట్టుబట్టి పెట్టారు. ఆ పట్టులో జగ్గమ్మమెట్ట పడింది. పన్నెండుమంది ఆడవాళ్లు సంఘం కట్టి మూడెకరాల్లో మల్బరీ వేశారు. ప్రభుత్వం పొడుగాటి రేకుల షెడ్డు కట్టించి, దాని నుదుటిన 'ఆదర్శ పట్టుపురుగుల పెంపక గృహం' అని రాయించింది. సంఘానికి నాయకురాలు నూకరత్నం. పేరులోనే నూక గాని, మనిషి గట్టి గింజ.

ఆ పన్నెండుమందీ అంతకుముందు పద్నాలుగు మైళ్ల అవతల జీడిపప్పు కార్ఖానాకి పోయేవారు. ఆటోలో ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని వెళ్లడం, పొద్దుగూకేదాకా జీడిగింజలు పగలగొట్టడం, ఆ జీడిరసానికి వేళ్లు కమిలి తోలు ఊడిపోవడం. ఏళ్ల తరబడి అదే పని చేసి చేసి నూకరత్నం వేళ్ల మీద గీతలన్నవే చెరిగిపోయాయి. రేషన్ డీలరు మిషను మీద వేలు పెడితే, ఇంత మనిషి ఎదురుగా నిలబడి ఉన్నా, ఆ మిషను 'మీరెవరో మాకు తెలియదు' అన్నట్టు కీచుమనేది.

"భూమ్మీద నూకలు సెల్లకముందే డీలరు దగ్గర సెల్లిపోయాయే నాకు!" అని నవ్వేది నూకరత్నం. నవ్వి, ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని ఇంటికొచ్చేది.

అందుకని ఆవిడకి ఈ పురుగులంటే ప్రాణం. మల్బరీ ఆకు కోస్తే వేళ్లు కాలవు. పచ్చగా అవుతాయి, కడిగితే పోతుంది.

సరే, షెడ్డు ప్రారంభోత్సవం. అప్పటికి పురుగులు రెండో జ్వరం దాటాయి. జ్వరమంటే కంగారుపడకండి. పట్టుపురుగు తన నెల్లాళ్ల జీవితంలో నాలుగుసార్లు తిండి మానేసి, తల పైకెత్తుకుని, కదలకుండా ఒక రోజు పడి ఉంటుంది. పాత చర్మం విడిచి లేస్తుంది. దాన్నే పెంచేవాళ్లు జ్వరం అంటారు. లేచాక మాత్రం ఆకు మీద పడి, ఆకలే ఆకలి. అలా లేచి ఆకు తింటున్న నలభైవేల పురుగుల మధ్యకి అతిథులు విచ్చేశారు. మల్లెదండలతో, అత్తరు చొక్కాలతో విచ్చేశారు. కొబ్బరికాయ కొట్టారు, కర్పూరం వెలిగించారు, పదకొండు కట్టల అగరొత్తులు గుచ్చారు. పట్టుపురుగుకి పొగా పడదు, వాసనా పడదు. పూజ పురుగులకి చేశారో, పురుగుల దినం ముందుగానే చేశారో గాని, మర్నాటికి తట్టలన్నీ నిశ్శబ్దం.

ఇక మర్యాద. రెండో పంటకి జిల్లా కేంద్రం నుంచి పెద్దలు వస్తున్నారని కబురొచ్చింది. వాళ్లని దోమలు కుడితే ఊరికి అప్రతిష్ఠ గదా! పంచాయతీవారు షెడ్డు లోపలా బయటా దోమలమందు పొగ దట్టంగా కొట్టించారు. దోమలు బతికాయి.

ఈ సందర్శనల సందడికంతటికీ సూత్రధారి పట్టు శాఖ ఉపసంచాలకులు కూర్మనాథరావుగారు. మనిషి మంచివాడే. మాటలే సమాసాలు. ఆయన ఒక సమాసం ఎక్కితే మళ్లీ దిగేసరికి వినేవాళ్లకి ఊరు దాటిపోయేది. రెండో పంట కూడా పోయాక నూకరత్నం ఆయన ఆఫీసుకి వెళ్లింది. చేతిలో ఆయన శాఖవారే అచ్చేయించిన పుస్తకం ఉంది.

"ఏవండీ, తొమ్మిదో పేజీలో మీరే రాశారు గదండీ. బయటోళ్లని లోపలికి రానివ్వకూడదు, లోపలికొచ్చేవోళ్లు సున్నపునీళ్లలో కాళ్లు కడుక్కోవాలి అని. మరి మీరే వారానికి రెండు బస్సులు తోలుకొత్తన్నారు."

కూర్మనాథరావుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నూకరత్నంగారూ, ఆ నిబంధన ఎంత ప్రాణప్రదమైనదో మీకు తెలుసు. ప్రజాబాహుళ్యానికి తెలియవద్దా? అందుకే వారానికి రెండు పర్యాయాలు నలభైమంది చొప్పున లోపలికి తీసుకువచ్చి, బయటివారు లోపలికి రాకూడదన్న సత్యాన్ని ప్రత్యక్షంగా, ప్రయోగపూర్వకంగా చూపిస్తున్నాం."

"చూపించాక పురుగులు సచ్చిపోతన్నాయండీ."

"అదే ప్రయోగం!"

నూకరత్నం పుస్తకం మూసింది. ఆయన మాట ఇంకా అవలేదు. "సందర్శనలు తగ్గితే మీ షెడ్డుకి ఆదర్శ హోదా పోతుంది. హోదా పోతే గుడ్ల సరఫరా ఆగుతుంది. మరొక విషయం. వరసగా మూడు పంటలు విఫలమైన సంఘాన్ని నిష్క్రియాత్మక సంఘంగా ప్రకటించి, షెడ్డును ఎరువుల గోదాముగా మార్చాలని మార్గదర్శకం. ఇది మూడోది. అభినందనలు."

అభినందనలు ఎందుకో ఆయనకీ తెలీదు. ఉత్తరాల చివర రాసి రాసి అలవాటైపోయింది.

ఇంటికొచ్చి నూకరత్నం అరుగు మీద కూలబడింది. జనం రాకపోతే గుడ్లు రావు. జనం వస్తే పురుగులు ఉండవు. పురుగులు లేకపోతే మళ్లీ ఆటో, మళ్లీ జీడిరసం. మూడో పంట గుడ్లు పొదిగి వారమైంది. వచ్చే బుధవారం బస్సు.

ఆ వేళ వినాయక చవితి ముందురోజు. నూకరత్నం మేనత్త పాపాయమ్మ ముందు పెద్ద పళ్లెం పెట్టుకుని పాలతాలికలు చేస్తోంది. డెబ్భై ఏళ్ల చేతులు. ఉడికించిన బియ్యప్పిండి ముద్దని అరచేతుల మధ్య ఒక్కసారి అలా పాముతుందంతే, వేలెడు తాలిక నున్నగా, తెల్లగా, మధ్యలో బొద్దుగా, కొసల్లో సన్నగా జారి పళ్లెంలో పడుతుంది. పాలూ బెల్లం కలిపి మరగబెట్టి అందులో వేస్తే రేపు వినాయకుడు కడుపారా తింటాడు.

పక్కింటి మంగతాయారు ఊరుకునే రకం కాదు. నోరూ చెయ్యీ రెండూ ఆగవు. పళ్లెంలోంచి ఓ తాలిక తీసి, నూకరత్నం తెచ్చిన మల్బరీ కొమ్మ మీద పడుకోబెట్టింది. ఒక కొస చిటికెతో పైకి లేపింది. రెండు ఆవగింజలు కళ్లలా అద్దింది.

"ఒదినా, ఇదిగో నీ పురుగు. జొరంలో ఉంది. దీని నెత్తిమీద అగరొత్తి గుచ్చినా సావదు."

"ఊరుకోవే తాయారూ, దేవుడి పిండితో ఎగతాళి," అంది పాపాయమ్మ.

నూకరత్నం నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది. వంగి చూసింది. కొమ్మ అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది. అచ్చం బాగా ఎదిగిన పురుగు. తల ఎత్తి, కదలక మెదలక, జ్వరంలో ఉన్న పురుగు ఎలా ఉంటుందో అలాగే ఉంది.

"అత్తా," అంది మెల్లగా, "నువ్వు ఒక్క పూటలో ఎన్ని తాలికలు సెయ్యగలవు?"

"వినాయకుడికేనా?"

"కాదు. బస్సుకి."

*

అసలు పురుగులు మంగతాయారు పశువుల పాకలోకి మారాయి. గేదెల్ని అమ్మేసి రెండేళ్లయింది, పాక ఖాళీ. దానికి సున్నం వేశారు, కిటికీలకి దోమతెర కట్టారు, గుమ్మంలో సున్నపునీళ్ల తొట్టి పెట్టారు. తొమ్మిదో పేజీని తు.చ. తప్పకుండా పాటించిన గృహం జిల్లా మొత్తంమీద ఆ గేదెల పాకొక్కటే. ఇక నుదుటిన బోర్డున్న ఆదర్శ గృహంలో తట్టల నిండా ఆకు పరిచి, ఆకు మీద పాపాయమ్మ తాలికలు పేర్చారు. పన్నెండుమందీ కూర్చుని చవితి మర్నాటి నుంచీ పాముతూనే ఉన్నారు.

బుధవారం బస్సు దిగింది. ముందు కూర్మనాథరావుగారు, వెనక నలభైమంది, వాళ్ల వెనక సెంటు వాసన.

"చూశారా!" అన్నారాయన చెయ్యి చాపి. "ఏమి క్రమశిక్షణ! ఒక్కటి కూడా కదలడం లేదు."

"జ్వరంలో ఉన్నాయండీ," అంది నూకరత్నం.

"జ్వరావస్థ!" అని ఆయన అనువదించి చెప్పారు. నలభైమందీ రాసుకున్నారు.

ఒక పెద్దమనిషి వేలితో ఒకదాన్ని నొక్కాడు. "చల్లగా, మెత్తగా ఉందండీ!"

"శీతల రక్త జీవి కదా," అన్నారు కూర్మనాథరావుగారు.

"నా వేలికి పిండి అంటుకుందండీ."

మంగతాయారు అందుకుంది. "పౌడరండీ బాబూ! పెద్దలొత్తన్నారని పొద్దున్నే తానం సేయించి పౌడరేసేం."

నలభైమందీ అదీ రాసుకున్నారు. మరుసటి నెలలో చుట్టుపక్కల మండలాల్లో పట్టుపురుగులకి పౌడరు పూసినట్టు కూడా తెలిసింది గాని, అది వేరే విషాదం.

శనివారం మళ్లీ బస్సు. మళ్లీ బుధవారం. ప్రతిసారీ పాపాయమ్మ కొత్త పిండి కలిపేది. ప్రతిసారీ పురుగులు జ్వరంలోనే ఉండేవి. నూకరత్నం పొద్దున్నే స్నానం చేసి పాకలో అసలు పురుగులకి ఆకు వేసి, చీర మార్చుకుని పరుగున షెడ్డుకొచ్చి పిండి పురుగుల ముందు చేతులు కట్టుకుని నిలబడేది. పాకలో పురుగులు రోజురోజుకీ బలుస్తున్నాయి. అగరొత్తి లేదు, అత్తరు లేదు, ఉపన్యాసం లేదు. పట్టుపురుగుకి ఇంతకన్నా ఏం కావాలి?

నాలుగో జ్వరం దాటి, వారం రోజులు ఆబగా తిని, పురుగులు పండాయి. పండటమంటే ఒళ్లు పసుపురంగు తిరిగి, తిండి మానేసి, గూడు కట్టడానికి చోటు వెతుక్కోవడం. వాటిని ఏరి చంద్రికలనే వెదురు చట్రాల్లో వేశారు. మూడు రోజుల్లో పాక నిండా గూళ్లు, ముత్యాల పందిరిలా. శాఖకి మాత్రం ఆదర్శ గృహం పంటగానే లెక్క రాయించారు. నూకరత్నం ఒక గూడు చెవి దగ్గర పెట్టి ఊపి చూసింది. లోపల పురుగు టక్కుమంది. ఆవిడ కళ్లు తుడుచుకుని, "ధూళి పడిందే," అంది. ఆ పాకలో ధూళి లేదు.

ఆ వారమే రేషన్ దుకాణానికి వెళ్లి, అలవాటు కొద్దీ భయపడుతూ మిషను మీద వేలు పెట్టింది. మిషను ఒక్క క్షణం ఆలోచించి, పచ్చదీపం వెలిగించింది. ఈ ఏడాదిలో వేళ్ల మీద గీతలు మళ్లీ మొలిచాయి. "అదిగో, మిషనుకి కూడా జొరం తగ్గింది," అంది మంగతాయారు.

కథ ఇక్కడ ఆగితే సుఖాంతమే. కాని శాఖ అన్నాక శాఖోపశాఖలుగా విస్తరించకుండా ఎలా ఉంటుంది?

*

కూర్మనాథరావుగారికి మూడో సందర్శనలోనే ఒక అనుమానం వచ్చింది. తట్టలో పరిచిన ఆకు పరిచినట్టే ఉంది. ఒక్క ఆకుకీ పంటిగాటు లేదు. నాలుగో సందర్శనలో కిందకి వంగి చూశారు. పెంట లేదు. అయిదోసారి లెక్కపెట్టించారు. ఒక్క పురుగూ చావలేదు. ఇంకొకడైతే ఏమనుకునేవాడో గాని, ఆయన ముప్ఫై ఏళ్ల సర్వీసున్న అధికారి. రాత్రింబవళ్లు కూర్చుని నివేదిక రాశారు. ఆ నివేదికే ఒక వేడుక.

'ఆకు వినియోగం: శూన్యం. విసర్జన: శూన్యం. మరణాలు: శూన్యం. మొదటి వారం నుంచే సంపూర్ణ శారీరక ఎదుగుదల. పొగ, పరిమళద్రవ్యం, ఉపన్యాసం వంటి ప్రతికూల పరిస్థితులకు అసాధారణ నిరోధకత. దిగుబడి: ప్రథమ శ్రేణి గూళ్లు. కావున జగ్గమ్మమెట్ట గ్రామీణ మహిళలు తమకు తెలియకుండానే ఆహారరహిత పట్టుపురుగు రకమును రూపొందించినారని సవినయముగా మనవి.'

రకానికి 'జగ్గమ్మ-సున్న' అని పేరు పెట్టారు. నివేదిక కమిషనరు మేడంగారికి వెళ్లింది. ఆవిడ సంతకం పెట్టి ఢిల్లీకి పంపారు. ఢిల్లీ సంతోషించింది. పథకానికి పతకం అన్నారు. పదిమంది శాస్త్రజ్ఞుల కమిటీ వేశారు. అంతా అయ్యాక జగ్గమ్మమెట్టకి ఒక కాగితం వచ్చింది. మంగతాయారు కూతురు గట్టిగా చదివింది.

'ఆహారరహిత రకము అందుబాటులోకి వచ్చిన దృష్ట్యా, మల్బరీ సాగు అనావశ్యక వ్యయముగా గుర్తించడమైనది. సంఘమునకు చెందిన మూడెకరాల మల్బరీ తోటను వచ్చే సోమవారం ట్రాక్టర్లతో తొలగించి, ఆ స్థలమును సందర్శకుల బస్సుల నిలుపుదలకు ఉపయోగించవలెను. అభినందనలు.'

ఈసారి మంగతాయారుకి కూడా జోకు దొరకలేదు.

"ఆకు లేకపోతే పురుగేం తింటదే?" అంది పాపాయమ్మ.

"కాగితం తింటది అత్తా. ఆళ్ల దగ్గర బోల్డుంది," అంది నూకరత్నం. అని లేచి, చీరకొంగు బిగించి, ఆఫీసుకి బయల్దేరింది. చేతిలో అరిటాకు పొట్లం.

కూర్మనాథరావుగారు సన్మానానికి శాలువా కొలతలు ఇస్తున్నారు. నూకరత్నం దాపరికం లేకుండా అంతా చెప్పేసింది. గేదెల పాక, పాపాయమ్మ, బియ్యప్పిండి, ఆవగింజలు. చెప్పి, పొట్లం విప్పి బల్లమీద పెట్టింది.

"అయ్యగారూ, తప్పు మాదేనండి. పురుగుల్ని కాపాడుకుందావని సేసేం. ఇవి తాలికలండి. తోట మాత్రం పీకించకండి."

ఆయన ఆవిడ వంక జాలిగా చూశారు. "నూకరత్నంగారూ, మీ వినయం నన్ను కదిలించింది. గ్రామీణ మహిళ తను సాధించిన ఘనతని తనే నమ్మలేదు. దీన్ని మేము ఆత్మవిశ్వాసరాహిత్యం అంటాం. దానికీ ఒక శిక్షణ తరగతి ఉంది. మూడు రోజులు. భోజనం పెడతారు."

"ఇది పిండండీ బాబూ! నమ్మకం లేకపోతే కొరికి సూడండి!"

ఆయన కుర్చీ వెనక్కి జరిపారు. "ఒక గెజిటెడ్ అధికారి, ఢిల్లీ ఆమోదం పొందిన రకాన్ని కొరకడమా! పైగా నివేదిక వెళ్లిపోయిందమ్మా. వెళ్లిన నివేదికలో ఉన్నది పురుగే. సోమవారం కమిషనరు మేడంగారు స్వయంగా వస్తున్నారు. రకాన్ని చూసి, వారి సమక్షంలోనే ట్రాక్టరు ప్రారంభం."

నూకరత్నం పొట్లం కట్టుకుంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"మేడంగారిది ఏ ఊరండీ?"

"మన జిల్లాయే. ఎందుకూ?"

"ఉత్తినే అడిగేనండి," అంది నూకరత్నం. బస్టాండు దాటి, పాలకేంద్రానికి వెళ్లి, సోమవారానికి ఇరవై లీటర్ల పాలు చెప్పి వచ్చింది.

*

సోమవారం. తోట గట్టున మూడు ట్రాక్టర్లు. షెడ్డు ముందు షామియానా. మూడు కార్లలో కమిటీ దిగింది, నాలుగో కారులోంచి కమిషనరు మేడంగారు దిగారు. నెరిసిన జుట్టు, నేత చీర, తక్కువ మాటలు. షెడ్డు పక్కన మూడు రాళ్ల పొయ్యి మీద పెద్ద ఇత్తడి గుండిగ పెట్టి ఉంది. అందులో బెల్లం పాకం కలిపిన పాలు చిక్కగా కుతకుతలాడుతున్నాయి. యాలకుల వాసన ట్రాక్టర్ల దాకా పోయింది.

"ఏమిటది?" అన్నారు కూర్మనాథరావుగారు గుసగుసగా.

"అతిథి మర్యాదండి," అంది నూకరత్నం.

ఆయన మైకు అందుకున్నారు. ఒక సమాసం ఎక్కారు. "ఆకు అక్కరలేని, ఆకలి ఎరుగని, ఆశ్చర్యజనక, అద్వితీయ, అత్యాధునిక..." అని ఆయన ఇంకా దిగకముందే పాపాయమ్మ షెడ్డులోంచి తట్ట ఎత్తుకుని బయటికొచ్చింది. ఆ వెనక మంగతాయారు. వాళ్ల వెనక మిగతా పదిమంది, తలో తట్టతో. నూకరత్నం పాపాయమ్మ తట్టని అందుకుని, ఆకులు పక్కకి తీసి, అందరూ చూస్తుండగా పురుగుల్ని మరుగుతున్న పాలల్లో గుమ్మరించింది.

మైకులో కెవ్వుమని కేక. అది కూర్మనాథరావుగారు తన సర్వీసులో సమాసం లేకుండా మాట్లాడిన మొదటి మాట.

కమిటీ పెద్ద ఒకాయన లేచి నిలబడ్డాడు. "ఇదేం అన్యాయం! పురుగుల్ని ఉడకబెట్టడం మన శాఖకి కొత్తేం కాదు. కాని గూడు కట్టాక కదా ఉడకబెట్టాలి!"

"ఈ రకం గూడు కట్టదండీ," అంది నూకరత్నం గరిటె తిప్పుతూ. "ఇది నేరుగా పాకాన పడతాది."

పన్నెండు తట్టలూ ఖాళీ అయ్యాయి. నూకరత్నం మొదటి గిన్నె నింపి, మేడంగారి ముందు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది. ఇవతల తోట, అవతల ట్రాక్టర్లు, మధ్యలో ఒక గిన్నె.

మేడంగారు గిన్నెలోకి చూశారు. చెంచాతో ఒక పురుగుని పైకి తీశారు. ఆవగింజ కళ్లు రెండూ పాలల్లో కొట్టుకుపోయాయి. నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. రెండోది తిన్నారు. మూడోదానికి కళ్లు మూసుకున్నారు.

"మా అమ్మ కూడా ఈ రకాన్నే పెంచేది," అన్నారు చివరికి. "చవితికి."

కమిటీలో కొందరు గిన్నెలకోసం చేతులు చాపారు. ఒకాయన రుచి చూసి, "శాస్త్రీయంగా చెప్పాలంటే, బెల్లం సరిపోయింది," అన్నాడు. కూర్మనాథరావుగారు మాత్రం శాలువా కప్పుకుని కుర్చీలో ముడుచుకుపోయారు. గూడు కట్టుకోబోయే పురుగులా ఉన్నారు.

మేడంగారు గిన్నె కింద పెట్టారు. ముఖం గంభీరమైంది. "రుచి సంగతి సరే. నివేదిక మీద నా సంతకం ఉంది. ఢిల్లీ పతకం అచ్చేయించింది. వచ్చే నెల రకాన్ని పంపమంటున్నారు. ఇప్పుడు ఏమని రాయను? తినేశామనా?"

పదిమంది శాస్త్రజ్ఞులూ చెంచాలు గిన్నెల్లో తిప్పుకుంటున్నారు. నివేదికలో పురుగు పుట్టించడానికి బోలెడు మార్గదర్శకాలున్నాయి గాని, నివేదికలో పుట్టిన పురుగుని చంపడానికి ఒక్కటీ లేదు.

నూకరత్నం గరిటె పక్కన పెట్టి చెయ్యి తుడుచుకుంది.

"నాదో మనవండి, మేడంగారూ. ఆ రకం పుట్టినమాట నిజవేనండి, మీ కాయితంలో ఉంది గదా. ఇప్పుడు అంతరించిపోయిందని రాసెయ్యండి."

"కారణం అడుగుతారమ్మా."

"సందర్శనలండి," అంది నూకరత్నం. "వారానికి రెండు బస్సుల జనం వొచ్చి వొచ్చి, ముట్టుకుని ముట్టుకుని, ఆఖరికి ఒక్కటీ మిగల్లేదు. అబద్ధం కాదు గదండీ? ఇదుగో, సూడండి, గుండిగ కూడా ఖాళీ అవుతోంది."

షామియానా కింద మొదట ఒక నవ్వు, తర్వాత పది నవ్వులు. మేడంగారు నవ్వలేదు. కలం తీశారు.

"కూర్మనాథరావుగారూ, రాయండి. జగ్గమ్మ-సున్న రకం, అధిక సందర్శన కారణంగా అంతరించినది. అటువంటి నష్టం పునరావృతం కాకుండా పెంపక గృహములలోకి బయటివారి ప్రవేశము తక్షణమే నిషేధించడమైనది. అధికారులకు సైతం."

"అధికారులకు సైతమా, మేడం?" అన్నారాయన, కలం ఆపి.

"సైతం కింద గీత గీయండి. ఇక సాధారణ రకం ఆకు తింటుంది కనుక, మల్బరీ తోటను యథాతథంగా ఉంచవలెను. ఆ ట్రాక్టర్లు ఎవరివో పంపించెయ్యండి." లేస్తూ నూకరత్నం వైపు తిరిగారు. "గూళ్లు మాత్రం నిజమైనవేనా?"

"మా గేదెల పాకలో కట్టినయ్యండీ. ఊపి సూడండి, పలుకుతాయి."

"నేను చూడను. నిషేధం పెట్టింది నేనే," అన్నారు మేడంగారు. కారెక్కే ముందు మాత్రం, "ఇంకో గిన్నె ఉంటే డ్రైవరుకివ్వండి. దార్లో తింటాను," అన్నారు.

*

మరుసటి నెల ఆదర్శ గృహం గుమ్మానికి పెద్ద బోర్డు వచ్చింది. 'ప్రవేశము నిషేధము. అధికారులకు సైతం.' సైతం కింద గీత ఉంది. అసలు పురుగుల పెంపకం పాకలోంచి షెడ్డులోకి మారింది. పాక ఖాళీ అయిందని మంగతాయారు మళ్లీ గేదెని కొంది. పాలు కావాలి గదా.

నాలుగో పంట నాలుగో జ్వరం దాటాక ఒక మధ్యాహ్నం కూర్మనాథరావుగారు ఒంటరిగా వచ్చారు. బస్సు లేదు, సెంటు లేదు. ఎవరూ చెప్పకుండానే చెప్పులు విప్పి, సున్నపునీళ్ల తొట్టిలో రెండు కాళ్లూ కడుక్కున్నారు. కడుక్కుని, లోపలికి రాకుండా గుమ్మం బయటే నిలబడ్డారు. చేతిలో ఖాళీ టిఫిన్ డబ్బా.

"మొన్న ఉద్విగ్నతలో ఉండి రుచి చూడలేకపోయాను," అన్నారు, డబ్బా కొంచెం ముందుకు జరిపి.

నూకరత్నం నవ్వుకుని డబ్బా పుచ్చుకుని, పాపాయమ్మ కోసం కేక వేసింది. ఆయన అక్కడే నిలబడి ఉన్నారు. ఉన్నట్టుండి తల పైకెత్తి ఆకాశం వైపు చూశారు. ఎండ పెళపెళ కాస్తోంది. చెవి రిక్కించారు. తలుపు వెనక నుంచి, ఎడతెగకుండా, జల్లు పడుతున్నట్టు సవ్వడి.

"వాన పడుతోందా?" అంటూ ఆయన చంకలోని గొడుగు విప్పారు.

"వాన కాదండీ," అంది నూకరత్నం. "నలభైవేల పురుగులు. ఆకు తింటున్నాయి."

కూర్మనాథరావుగారు విప్పిన గొడుగు పట్టుకుని, ఎండలో, చాలాసేపు అలాగే విన్నారు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఆయన ఎక్కడికి వెళ్లినా ముందు ఉపన్యాసాలూ డప్పులూ వెళ్లేవి. పురుగు తినే చప్పుడు ఆయన చెవిన పడటం ఇదే మొదలు.

"అంటే," అన్నారు నెమ్మదిగా, గొడుగు మడవడం మర్చిపోయి, "నిజంగా తింటాయన్నమాట!"